అజాన్ అనే మాటలోని చెవి
(ఒక అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా వక్ఫ్ భూముల గురించి, రిజర్వేషన్ల గురించి, మన పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. ఈ పూట మేము ఒకే ఒక్క మాటను మీ ముందు ఉంచదలచాము. అది ‘అజాన్’. రోజుకు ఐదు పూటలా మన చెవిన పడే ఈ మాటకు మూలార్థమే ‘చెవి’ అని చెబితే కొందరికి వింతగా తోచవచ్చు. ఆ మాట వయస్సు ఎంత, అది ఏయే భాషల్లో ఏయే రూపాలు ధరించింది, రాతలో ఎక్కడా లేని దాని తొలి రూపాన్ని పండితులు ఏ సాధనాలతో పట్టుకోగలిగారు అన్నది నేటి ప్రసంగ విషయం.

విషయం భాషాశాస్త్రానిదే అయినా దీనికి మన ఇళ్ళతో సంబంధం ఉన్నది. తెలుగే ఇంటి భాషగా గల మన కుటుంబాల వారు, ముఖ్యంగా దూదేకుల, నూర్‌బాషా అని పిలువబడే వారు, ‘అజాన్’ అని తెలుగు జకారంతో పలికితే ఉర్దూ ఇంటి భాషగా గల వారు నవ్వుతారు. ఉర్దూ వారి రాపిడి జకారాన్ని విని అరబ్బీ చదువుకున్న వారు పెదవి విరుస్తారు. ఈ మెట్ల వరుసలో కింది మెట్టు మీద నిలబడేది ఎప్పుడూ తెలుగు ముస్లిం బిడ్డే. ‘నోరు తిరగని వాళ్ళు’ అన్న మాట పెళ్ళి సంబంధాల దగ్గర కూడా వినిపిస్తుందని ఇక్కడున్న వారిలో చాలామందికి తెలుసు. ఉచ్చారణ మార్పు అంటే ఏమిటో, అది ఎవరికి ఎలా జరుగుతుందో తెలిస్తే ఈ నవ్వు ఎంత అజ్ఞానంతో కూడినదో తెలుస్తుంది.

మరొక కారణం కూడా ఉన్నది. ‘అరబ్బీ ప్రపంచ భాషలన్నిటికీ తల్లి’ అని మనలో కొందరు పిల్లలకు బోధిస్తారు. ‘మీ మాటలన్నీ యూదుల దగ్గర అరువు తెచ్చుకున్నవే’ అని బయటి వారు కొందరు ఎద్దేవా చేస్తారు. ఈ రెండు వాదాలూ ఒకే పరీక్షలో తేలిపోతాయి. ఆ పరీక్షనే తులనాత్మక పద్ధతి అంటారు.

పద్ధతిని ముందు మన తెలుగు చెవితోనే చూద్దాము. తెలుగులో చెవి, తమిళంలోనూ చెవి. కన్నడంలో కివి. తుళులో కెబి, కొడగులో కెవి, మన ఆదిలాబాదు అడవుల్లోని గోండులు మాట్లాడే భాషలో కెవి. తెలుగులో చకారం ఉన్న చోట కన్నడంలో కకారం రావడం ఈ ఒక్క మాటకే పరిమితమైతే దానిని యాదృచ్ఛికమని కొట్టివేయవచ్చు. కానీ కన్నడంలో కెరె, తెలుగులో చెరువు. కన్నడంలో కెదరు, తెలుగులో చెదరు. అంటే ఇ, ఎ వంటి అచ్చుల ముందు ఉండిన పాత కకారం తెలుగు, తమిళాల్లో చకారమైంది. కన్నడంలో అలాగే నిలిచింది. మార్పు ఒక క్రమంలో జరిగింది గనుక వెనక్కి లెక్క కట్టి, ఈ భాషలన్నిటి తల్లి భాషలో చెవికి ‘కెవి’ వంటి రూపం ఉండేదని చెప్పగలుగుతున్నాము. ఇలా లెక్క కట్టి తేల్చిన రూపానికి ముందు ఒక చిన్న నక్షత్రం గుర్తు పెడతారు. అది రాతలో దొరికిన మాట కాదు, అనుమాన ప్రమాణంతో సాధించిన మాట అని ఆ గుర్తుకు అర్థం. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రాచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు జీవితమంతా చేసినది ఇటువంటి పనే. ప్రస్తావవశాత్తు ఒక మాట: బెలూచిస్తాన్‌లో బ్రాహుయీ మాట్లాడే ముస్లింలు చెవిని ‘ఖఫ్’ అంటారు. అదీ మన చెవి మాటకు దూరపు చుట్టమే.

పోలిక కనబడగానే చుట్టరికం కలపకూడదు. తెలుగు ‘అమ్మ’కూ అరబ్బీ ‘ఉమ్మ్’కూ పోలిక ఉన్నదని రెండు భాషలనూ ఒక కుటుంబంలో చేర్చబోయే వారున్నారు. అమ్మ, అబ్బ వంటివి పసిపిల్లల పెదవుల మీద ఏ దేశంలోనైనా పుట్టే మాటలు. వాటితో ఏదీ రుజువు కాదు. అలాగే వకీలు, హాజరు, ఖాళీ, జిల్లా అనే మాటలు తెలుగులో ఉన్నంత మాత్రాన తెలుగు అరబ్బీకి చెల్లెలు కాదు. అవి పరిపాలనతో పాటు పారసీకం గుండా వచ్చిన అతిథులు. అందుకే పండితులు చెవి, కన్ను, నెత్తురు, విత్తనం వంటి మాటలనే ముందుగా పరీక్షకు పెడతారు. వీటిని ఒక జాతి మరొక జాతి దగ్గర అరువు తెచ్చుకోవడం అరుదు.

ఇక సెమిటిక్ భాషల్లోని చెవికి వద్దాము. నూహు ప్రవక్త కుమారుడైన సాము పేరు మీద ఈ కుటుంబానికి ‘సెమిటిక్’ అని 1781లో ష్లోట్జర్ అనే జర్మన్ పండితుడు పేరు పెట్టాడు. అరబ్బీ, హీబ్రూ, అరమాయిక్, దాని శాఖయైన సిరియాక్, ఇథియోపియా ప్రాచీన భాషయైన గీజ్, ఇరాక్ నేల మీద మట్టి పలకల్లో దొరికిన అక్కాదీ, సిరియా తీరంలోని ఉగారిత్ నగర భాష, యెమెన్ ప్రాచీన శాసన భాషలు ఈ కుటుంబంలోనివి.

రాతలో చిన్న ఇబ్బంది ఉన్నది. అరబ్బీలో ‘జాల్’ అని మనం పిలిచే అక్షరపు అసలు ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. నాలుక కొనను పై పళ్ళ అంచుకు తాకించి గాలిని రాపిడితో వదలాలి. ఈ పాఠంలో దానిని ‘ధ’ అని రాస్తున్నాము. ‘ధనము’లోని ధకారం కాదని గుర్తుంచుకోవాలి. ‘జ’ అని రాసిన చోట, వేరుగా చెబితే తప్ప, ‘జకాత్’ను ఉర్దూలో పలికే రాపిడి జకారమని గ్రహించాలి.

చెవిని అరబ్బీలో ‘ఉధ్న్’ అంటారు. హీబ్రూలో ‘ఓజెన్’. సిరియాక్‌లో ‘ఎద్నా’, మరికొన్ని అరమాయిక్ శాఖల్లో ‘ఉద్నా’. అక్కాదీలో ‘ఉజ్ను’. గీజ్‌లో ‘ఎజ్న్’. ఉగారిత్ పలకల్లో ‘ఉద్న్’. యెమెన్ శాసనాల్లో అరబ్బీలో వలెనే ధకారం.

మొదటి అక్షరం హంజా; అక్కాదీలో అది రాలిపోయింది, మిగతా చోట్ల ఉన్నది. చివరి నకారం అంతటా ఉన్నది. చిక్కు అంతా నడిమి హల్లులోనే ఉన్నది. అరబ్బీ ధ, హీబ్రూ జ, అరమాయిక్ ద. ఈ మూడింటిలో తల్లి ఎవరు?

ఒక్క మాటతో దీనికి జవాబు దొరకదు. మరికొన్ని మాటలను పక్కన పెట్టి చూడాలి. నెత్తురు తీసుకోండి. అరబ్బీలో దమ్, హీబ్రూలో దామ్, అరమాయిక్‌లో దమా, అక్కాదీలో దము. అన్ని చోట్లా దకారమే. విత్తనం తీసుకోండి. అరబ్బీలో జర్అ, హీబ్రూలో జెరఅ, సిరియాక్‌లో జర్ఆ, అక్కాదీలో జేరు. అన్ని చోట్లా జకారమే. ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్న మాటలు చూడండి. స్మరణకు అరబ్బీలో ‘ధిక్ర్’. మనం జిక్ర్ అంటాము. ఆ క్రియ హీబ్రూలో జాఖర్, అరమాయిక్‌లో దెఖర్, గీజ్‌లో జకర. అక్కాదీలో ‘పేరు పలుకు’ అన్న అర్థంలో జకారు. పశువును జబహ్ చేయడానికి అరబ్బీలో ‘ధబహ’, హీబ్రూలో జావహ్, అరమాయిక్‌లో దెవహ్, గీజ్‌లో జబ్హ. బంగారానికి అరబ్బీలో ‘ధహబ్’, హీబ్రూలో జాహావ్, అరమాయిక్‌లో దహ్బా. తోడేలుకు అరబ్బీలో ‘ధిఅబ్’, హీబ్రూలో జెఏవ్, సిరియాక్‌లో దేవా.

ఇక్కడ మూడు వరుసలు తేలాయి. అంతటా ద ఉన్నది ఒక వరుస. అంతటా జ ఉన్నది ఒక వరుస. అరబ్బీలో ధ, హీబ్రూలో జ, అరమాయిక్‌లో ద ఉన్నది మూడవ వరుస. హీబ్రూ జకారమే మూలమని అనుకుందాము. అప్పుడు చెవిలోని జ అరమాయిక్‌లో ద అయి, విత్తనంలోని జ ఎందుకు కాలేదో చెప్పాలి. చెప్పలేము. అరమాయిక్ దకారమే మూలమనుకుంటే, చెవిలోని ద హీబ్రూలో జ అయి, నెత్తురులోని ద ఎందుకు కాలేదో చెప్పాలి. అదీ చెప్పలేము. కాబట్టి తల్లి భాషలో ద, జ కాక మూడవ ధ్వని ఒకటి ఉండేది. హీబ్రూలో అది జకారంలో కలిసిపోయింది, అరమాయిక్‌లో దకారంలో కలిసిపోయింది. ప్రామాణిక అరబ్బీ దానిని విడిగా నిలుపుకున్నది. యెమెన్, ఒమాన్ ఎడారుల్లో నేటికీ కొందరు మాట్లాడే మెహ్రీ భాష కూడా దానిని నిలుపుకున్నది. అరబ్బీ ఉధ్న్ హీబ్రూ ఓజెన్ నుంచి అరువు వచ్చినదైతే అందులో జకారమే ఉండాలి. విడిపోయిన ధ్వనులు ఒకసారి కలిసిపోయాక, వాటిని మళ్ళీ సరిగ్గా పాత హద్దుల వెంబడి విడదీయడం అరువు తెచ్చుకున్న వాడికి సాధ్యం కాదు. ‘అరువు’ వాదం ఇక్కడితో ముగిసింది.

ఈ మూడవ ధ్వనికి మన చేతిలోని ముస్‌హఫ్‌లో ఒక ప్రత్యక్ష సాక్ష్యం ఉన్నది. దాల్ అక్షరం మీద ఒక చుక్క పెడితే జాల్ అవుతుంది. ఎందుకు? అరబ్బీ లిపి అరమాయిక్ లిపి నుంచి నబాతీయుల ద్వారా వచ్చినది. అరమాయిక్‌లో అక్షరాలు 22. అందులో ఈ ధ్వనికి గుర్తు లేదు. అరమాయిక్ వారు దాల్‌తో రాసే మాటలను అరబ్బులు ధకారంతో పలికేవారు గనుక అదే దాల్‌ను వాడుకుని, తరువాత చుక్కతో వేరు చేశారు. 786 లెక్క మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. ఆ అబ్జద్ లెక్కలో మొదటి 22 అక్షరాలు హీబ్రూ, అరమాయిక్‌ల వరుసలోనే ఉండి 400తో ముగుస్తాయి. అరబ్బీకి ప్రత్యేకమైన ఆరు అక్షరాలు ఆ తరువాత వచ్చి చేరాయి. జాల్ విలువ 700. అక్షరమాలలో దాల్ పక్కన కూర్చున్నా, లెక్కలో అది వెనుక వచ్చిన అక్షరమే.

అరమాయిక్ శాసనాల్లో మరొక విశేషం ఉన్నది. అన్నిటికన్నా పాత శాసనాల్లో ఈ మాటలను జకారపు అక్షరంతో రాశారు. తరువాతి కాలపు రాతల్లో దకారంతో రాశారు. అంటే మొదట్లో వారికీ మూడవ ధ్వని ఉండేది. లిపిలో గుర్తు లేక దగ్గరగా ఉన్న జ అక్షరంతో సరిపెట్టుకున్నారు. పలుకుబడి దకారంగా మారిన తరువాత రాత కూడా మారింది. ఒక ధ్వని మారుతూ ఉండగా రాతలో పట్టుబడడం చాలా అరుదైన సంగతి. మాకు ఈ కుటుంబ చరిత్రలో ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇదే.

హల్లులు తేలాయి. అచ్చు మాటేమిటి? అరబ్బీలోనూ అక్కాదీలోనూ ఉకారమే ఉన్నది. హీబ్రూలో ‘నా చెవి’ అనడానికి ‘ఒజ్నీ’ అంటారు. ‘ఓజెన్’లో జకారం తరువాత కనిపించే ఎకారం అక్కడ మాయమవుతుంది. అంటే అది తరువాత చొరబడిన అచ్చు. ఇది మనకు కొత్త కాదు. ఫజ్ర్‌ను ఫజర్ అని, అస్ర్‌ను అసర్ అని మన ఇళ్ళలో పలకడం లేదా? రెండు హల్లులు చివర కలిసి వస్తే మధ్యలో ఒక అచ్చు వేసుకోవడం నోటికి సుఖం. గీజ్‌లో పాత ఇకారమూ ఉకారమూ కలిసి ఒకే పొట్టి అచ్చుగా మారాయి గనుక ‘ఎజ్న్’ ఈ లెక్కకు అడ్డు రాదు.

అసలైన సాక్ష్యం ఉగారిత్ నుంచి వచ్చింది. సిరియా తీరాన రాస్ షమ్రా అనే దిబ్బలో 1929లో తవ్వకాలు మొదలై మట్టి పలకలు బయటపడ్డాయి. ఆ లిపిని మరుసటి సంవత్సరమే చదవగలిగారు. ఆ పలకల కాలం క్రీస్తు పూర్వం 14, 13 శతాబ్దాలు. ఆ లిపిలో అచ్చులు రాయరు. కానీ హంజాకు మాత్రం మూడు వేరువేరు గుర్తులు ఉన్నాయి. అకారంతో వచ్చే హంజాకు ఒకటి, ఇకారంతో ఒకటి, ఉకారంతో ఒకటి. చెవి మాట ఉకారపు హంజాతో రాయబడి ఉన్నది. మూడు వేల సంవత్సరాలకు పూర్వపు లేఖకుడు మన పండితుల లెక్కను ముందే సరిచూసి పెట్టినట్టున్నది.

వ్యాకరణం కూడా ఇదే చెబుతుంది. అరబ్బీలో ‘ఉధ్న్’ స్త్రీలింగం, అయినా దానికి స్త్రీలింగ ప్రత్యయం లేదు. హీబ్రూలోనూ అంతే, అక్కాదీలోనూ అంతే. జంటగా ఉండే అవయవాలకు ఈ భాషల్లో ఇది సంప్రదాయం. ఒక మాట పోలి ఉండడం యాదృచ్ఛికం కావచ్చును గాని, దాని అసాధారణ లక్షణం కూడా మూడు చోట్ల ఒకేలా ఉంటే అది వారసత్వమే. ఇంకా పాత అక్కాదీలో కర్తృరూపం ‘ఉజ్నుమ్’, అరబ్బీలో ‘ఉధ్నున్’. వీటన్నిటినీ కూర్చితే తల్లి భాషలోని రూపం నక్షత్రం గుర్తుతో *ఉధ్న్ అని తేలుతుంది. అక్కాదీ భాష క్రీస్తు పూర్వం 3వ సహస్రాబ్దిలోనే విడిగా రాతలో కనిపిస్తున్నది గనుక ఆ తల్లి భాష అంతకన్నా పాతది.

‘అయితే తల్లి అరబ్బీయే కదా, రూపం అదే కదా’ అని ఇక్కడ కొందరు సంతోషపడవచ్చు. తొందరపడకూడదు. ఈ ఒక్క ధ్వనిలో అరబ్బీ పాతదనాన్ని నిలుపుకున్నది నిజమే. ఇతర చోట్ల అది కూడా మారింది. మనం ఫాతిహా అంటాము. ఆ ‘తెరచు’ అనే ధాతువు హీబ్రూలో పాతహ్, అరమాయిక్‌లో పెతహ్, అక్కాదీలో పెతూ. మూలంలోని పకారం అరబ్బీలో ఫకారమైంది. అందుకే ప్రామాణిక అరబ్బీలో పకారమే లేదు. ఒంటె హీబ్రూలో గామాల్, అరబ్బీలో జమల్. ఇది తెలుగు జకారమే. ఇక్కడ మారినది అరబ్బీ. ‘సలామ్’ హీబ్రూలో షాలోమ్. ‘అసీర్’, అంటే ఖైదీ, హీబ్రూలోనూ ఆసీర్. హీబ్రూలో ఒకటి షకారం, ఒకటి సకారం. ఈ రెండూ అరబ్బీలో ఒకే సకారంగా కలిసిపోయాయి. అంటే హీబ్రూ నిలుపుకున్న ఒక భేదాన్ని అరబ్బీ పోగొట్టుకున్నది. ఒక్కొక్క బిడ్డ తల్లి పెట్టెలోని ఒక్కొక్క వస్తువును దాచుకున్నది. ఏ ఒక్కరి ఇంట్లోనూ పెట్టె మొత్తం లేదు.

ఈ మాట ఐరోపా పండితులు వచ్చి చెప్పేదాకా మన వారికి తెలియదని అనుకోవద్దు. 8వ శతాబ్దిలో బస్రాకు చెందిన ఖలీల్ ఇబ్ను అహ్మద్ తన నిఘంటువులో కనానీయుల భాష అరబ్బీని పోలి ఉండేదని రాశాడు. ఉత్తర ఆఫ్రికాలోని తాహర్త్‌కు చెందిన యూద పండితుడు ఇబ్ను ఖురైష్, ఫెజ్ నగరపు యూదులకు అరబ్బీ భాషలోనే రాసిన లేఖలో హీబ్రూ, అరమాయిక్, అరబ్బీ మాటలను పక్కపక్కన పెట్టి పోల్చాడు. కొర్దోబాకు చెందిన ఇమామ్ ఇబ్ను హజ్మ్ (994–1064) తన ఉసూల్ గ్రంథమైన ‘అల్ ఇహ్‌కామ్’లో ఇంకా స్పష్టంగా చెప్పాడు. అరబ్బీ, హీబ్రూ, సిరియాక్ ఒకప్పుడు ఒకే భాష అని, మాట్లాడే వారు నివాసాలు మార్చుకొన్న కొద్దీ అది వేరువేరు రూపాలు తాల్చిందని ఆయన అభిప్రాయం. అండలూసియా వాడు ఖైరవాన్ వాడి మాటను విన్నప్పుడు కలిగే తేడాను ఆయన ఉదాహరణగా చూపాడు. ఒక భాష మరొక భాష కన్నా శ్రేష్ఠమన్న వాదాన్ని కూడా ఆయన అంగీకరించలేదు. వెయ్యేళ్ళ క్రితం ఒక ఇమాము ధైర్యంగా రాసిన ఈ మాటను ఈనాడు మన సభల్లో చెప్పడానికి కొందరు జంకుతారు.

ఖురాన్ అరబ్బీ భాషలో అవతరించడానికీ ఈ చరిత్రకూ విరోధం లేదు. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపినట్టు ఇబ్రాహీం సూరా 4వ ఆయత్ తెలుపుతుంది. మనుషుల భాషల్లోని, రంగుల్లోని భేదాలను అర్రూమ్ సూరా 22వ ఆయత్ దైవ సూచనల్లో చేర్చింది. సూచనను పరిశీలించడం తప్పెలా అవుతుంది?

హీబ్రూలో కలిసిపోయిన ధ్వనుల్లో మరొకటి చెప్పి ముందుకు సాగుతాము. వార్తల్లో మనం గుండె బరువుతో చదివే ఆ నగరం పేరు అరబ్బీలో ‘ఘజ్జ’, గైన్ అక్షరంతో మొదలవుతుంది. నేటి హీబ్రూలో అది ‘అజ్జా’. గైన్, ఐన్ అక్షరంలో కలిసిపోయింది. తౌరాతును గ్రీకు భాషలోకి మార్చిన కాలంలో అనువాదకులు ఆ పేరును గకారంతో రాశారు. అంటే అప్పటికి హీబ్రూ చదివే వారి నోట ఆ ధ్వని ఇంకా ఉన్నదన్న మాట. గ్రీకు నుంచి ఐరోపా భాషలకు, అక్కడి నుంచి మన తెలుగు పత్రికలకు ఆ గకారమే వచ్చింది. తెలుగు పత్రికలో ‘గాజా’ అని అచ్చయిన ప్రతిసారీ రెండు వేల ఏళ్ళకు పైబడిన ఒక పలుకుబడి గుర్తు అందులో ఉంటున్నది.

ఇప్పుడు మన నోళ్ళ సంగతి. పారసీక భాషకు ధకారం లేదు. జాల్, జా, జాద్, జోయ్ అనే నాలుగు అక్షరాలనూ వారు ఒకే రాపిడి జకారంగా పలికారు. ఉర్దూ దానిని స్వీకరించింది. తెలుగు దానిని ఇంకా సులభం చేసింది. అజాన్, జకాత్, జిల్లా, నజర్. అరబ్బీలో ఈ నాలుగు మాటల్లో నాలుగు వేరువేరు అక్షరాలు. తెలుగులో ఒకే జ. ఇది నోరు తిరగకపోవడం కాదు. ఒక భాషలోని ధ్వనులు మరొక భాషలోకి వచ్చినప్పుడు అక్కడి ధ్వనుల్లో దగ్గరి దానిని ఎన్నుకుంటాయి. మన తెలుగులోనే ‘జడ’, ‘జాబు’ అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి వచ్చే దంత్య జకారం ఉన్నది. ఉర్దూ జకారానికి అది చాలా దగ్గర. తుర్కీలు ‘ఎజాన్’ అంటారు. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీ మాట్లాడేవారు ‘అధాన’ అని అసలు ధ్వనిని నిలుపుకున్నారు. మరి అరబ్బుల మాట? కైరో వీధుల్లో చెవిని ‘విద్న్’ అంటారు, బంగారాన్ని ‘దహబ్’ అంటారు. ప్రాచీన అరమాయిక్‌లో జరిగిన మార్పే నేటి కైరో అరబ్బీలోనూ జరిగింది. వారిని చూసి ఎవరూ నవ్వడం లేదు. ఉర్దూ వారి జకారం హీబ్రూ, గీజ్‌ల దారిన పోయింది. కైరో వారి దకారం అరమాయిక్ దారిన పోయింది. ఈ చరిత్ర తెలిసిన వాడు తెలుగు బిడ్డ పలుకును చూసి నవ్వడు.

తజ్వీద్ సంగతి వేరు. ఖురాన్ పఠించేటప్పుడు జాల్‌ను దాని స్థానం నుంచి పలకడం నేర్చుకోవాలి, పిల్లలకు నేర్పాలి. ఆ స్థానం ఏదో, నాలుక కొన, పై పళ్ళ అంచు అని, 8వ శతాబ్దిలో ఖచ్చితంగా రాసిపెట్టిన సీబవైహ్ పుట్టుకతో అరబ్బు కాడు, పారసీకుడు. నేర్చుకున్న వాడు ఎంత దూరం పోగలడో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. తెలుగు పిల్లలకు ఓపికగా నేర్పడం ఒక పని, వారిని నలుగురిలో చిన్నబుచ్చడం వేరొక పని.

హజ్రత్ బిలాల్ (రజి) గురించి మనలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఆయన షకారం పలకలేక సకారం పలికేవారని, అల్లాహ్ దృష్టిలో బిలాల్ సకారమే షకారమని. మనసుకు హత్తుకునే కథే గాని, దీనికి ఆధారం లేదని ఇబ్ను కసీర్ వంటి విద్వాంసులు తేల్చారు. బిలాల్ స్వరం, ఉచ్చారణ రెండూ ప్రశంసలు పొందినవే. అయితే కథ అల్లిన వారి చెవి మాత్రం మంచిదే. గీజ్‌లో సెమిటిక్ షకారం నిజంగానే సకారమైంది. ‘సలామ్’ను అక్కడా ‘సలామ్’ అనే అంటారు.

బిలాల్ పేరు వచ్చింది గనుక చెవి అనే మాట చట్టాల్లో ఎలా కనిపిస్తుందో చెప్పాలి. బాబిలోన్ రాజు హమ్మురాబీ (క్రీ.పూ. 1792–1750) శాసనంలో చిట్టచివరిది 282వ నియమం. యజమానిని యజమాని కాదన్న బానిసకు చెవి కోయాలని దాని సారాంశం. అక్కడి మాట ‘ఉజ్ను’. నిర్గమ కాండం 21వ అధ్యాయంలో, విడుదల వద్దని యజమాని ఇంట్లోనే ఉండిపోయే బానిసకు తలుపు దగ్గర చెవి కుడతారు. అక్కడి మాట ‘ఓజెన్’. ఈ రెండు చట్టాల్లోనూ చెవి బానిసత్వపు ముద్ర పడే చోటు. అల్ మాయిదా సూరా 45వ ఆయత్‌లో చెవికి చెవి అనే ప్రతీకార న్యాయం చెప్పిన చోట మాట ‘ఉధున్’. అదే ధాతువు నుంచి వచ్చిన ‘ముఅధ్ధిన్’ అనే పదవి, మనం మౌజన్ అనేది, మదీనాలో తొలుత దక్కినది ఎవరికి? మక్కాలో బానిసగా చిత్రహింసలు పడి, అబూబక్ర్ (రజి) చేత విముక్తుడైన అబిసీనియా సంతతి వాడికి.

‘అజాన్’ ఈ ధాతువు నుంచి ఎలా వచ్చిందో చెప్పవలసి ఉన్నది. అరబ్బీలో ‘అధిన’ అంటే చెవి ఒగ్గి వినడం. ‘అధ్ధన’ అంటే చెవులకు చేరేలా పలకడం, ప్రకటించడం. వచ్చిన వాడి మాటకు చెవి ఒగ్గడమే అతనికి సమ్మతి ఇవ్వడం గనుక ‘ఇధ్న్’ అంటే అనుమతి. తౌబా సూరా 3వ ఆయత్‌లో ‘అజాన్’ అనే మాట ఉన్నది, నమాజు పిలుపుగా కాదు, బహిరంగ ప్రకటన అనే అర్థంలో. హజ్ సూరా 27వ ఆయత్‌లో ఇబ్రాహీం (అలై)కు హజ్‌ను ప్రకటించమన్న ఆజ్ఞ కూడా ఈ క్రియతోనే ఉన్నది. శుక్రవారం నమాజు పిలుపును జుముఆ సూరా వేరే క్రియతో చెప్పింది. అక్కాదీలో ‘ఉజ్ను’కు చెవి అనే కాక తెలివి, వివేకం అనే అర్థం కూడా ఉన్నది. వినేవాడే తెలిసినవాడని ఆ జాతి భావించింది కాబోలు.

హీబ్రూలో ‘హెఎజీన్’ అంటే చెవి ఒగ్గడం. ద్వితీయోపదేశ కాండం 32వ అధ్యాయపు మొదట ఈ క్రియతో ఆకాశాన్ని ఉద్దేశించి పిలుపు ఉన్నది. యెషయా గ్రంథపు మొదటి అధ్యాయంలో ఇదే క్రియతో భూమిని ఉద్దేశించి పిలుపు ఉన్నది. ఖురాన్‌లో ఇన్షికాఖ్ సూరా తెరచి 2వ ఆయత్, 5వ ఆయత్ చూడండి. మొదటి చోట ఆకాశం, రెండవ చోట భూమి తమ ప్రభువు మాటను వినడం గురించి చెప్పినది ‘అధినత్’ అనే క్రియతో. మూడు గ్రంథాల్లోనూ మాట అదే, వినేవి అవే.

ఇక్కడ పంచిన కాగితంలో ఏడు గడులతో ఒక పట్టిక ఉన్నది. చెవి, నెత్తురు, విత్తనం, బంగారం నింపి ఉంచాము. జిక్ర్, జబహ్, ఫాతిహా గడులు ఖాళీగా వదిలాము. పెద్దలు పిల్లలతో కూర్చుని, ఈ ప్రసంగంలో విన్న రూపాలతో దొరికినంత మేరకు వాటిని నింపవచ్చు. తెలుగు లిపిలోనే రాయండి. వచ్చే సమావేశంలో ‘సలామ్’ను తీసుకుంటాము. ప్రశ్నలున్నవారు ఇప్పుడు అడగవచ్చు.